ఉత్త సీసా

పనివేళల్లో గాజులమ్మ చేతులకు గాజులుండవు. ల్యాబ్ గుమ్మం దాటగానే తీసి సంచిలో పడేసుకుంటుంది. ఆవిడకా పేరు వచ్చింది వేసుకునే గాజుల వల్ల కాదు, కడిగే గాజు వల్ల. సీసాలు, గొట్టాలు, గరాటాలు, కొలపాత్రలు, అక్కడ గాజుతో చేసిన ప్రతి వస్తువూ ఆవిడ చేతుల మీదుగా పోవలసిందే. అసలు పేరేమిటో జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. కొత్తగా చేరినవాళ్లెవరైనా మర్యాదకు "మీ పేరేంటండీ" అని అడిగితే ఆవిడే ఒక క్షణం ఆలోచించి, "గాజులమ్మ అనండి, పలుకుతా" అంటుంది.

ఆ ల్యాబ్‌లో పనంతా మూలికలతో. ఆకులు, వేళ్లు, బెరళ్లు సంచుల్లో వస్తాయి. వాటిని ఎండబెడతారు, పొడి కొడతారు, స్పిరిటులో నానబెడతారు, వడగడతారు. వడగట్టిన రసం లోపలి గదికి పోతుంది. మిగిలిన పిప్పి బయటికి పోతుంది. రసంలో బలమెంతో తేల్చడం లోపలి గదివాళ్ల పని. పిప్పి పారబొయ్యడం, పాత్రలు కడగడం గాజులమ్మ పని. ఆవిడ కడిగే తొట్టి సరిగ్గా లోపలి గది తలుపుకి ఎదురుగా ఉంది. ఆ తలుపు ఏనాడూ పూర్తిగా మూసుకోదు. బాగు చేయిస్తానని ల్యాబ్ పెద్దాయన అంటూనే ఉంటాడు, చేయించకూడదని గాజులమ్మ కోరుకుంటూనే ఉంటుంది.

ఎందుకంటే ఆ తలుపు సందులోంచే ఆవిడకు వంకాయ నీళ్లు కనబడతాయి. పుస్తకాల్లో దానికి నాలుక తిరగని పేరేదో ఉంది. అక్కడందరూ వంకాయ నీళ్లనే అంటారు. నల్లటి పొడి ఒకటి చిటికెడు స్పిరిటులో కలిపితే చాలు, నిగనిగలాడే వంకాయ రంగు వచ్చేస్తుంది. అందులో మూలిక రసం చుక్క వేసి, చీకటి అలమరాలో కాసేపు దాచి బయటికి తీస్తారు. రసంలో సత్తువ లేకపోతే రంగు ఉన్నదున్నట్టే ఉంటుంది. ఉంటే మాత్రం వెలిసి వెలిసి నిమ్మపండు రంగులోకి దిగుతుంది. "ఏంటి, వంకాయ నిమ్మకాయ అయిందా?" అన్నదే ఆ ల్యాబ్‌లో పొద్దుటి పలకరింపు. ఎంత వెలిసిందో కొలవడానికి యంత్రం ఉంది కానీ గాజులమ్మకు యంత్రంతో పనేముంది? ఇన్నేళ్లుగా చూస్తున్నా రంగు మారిన ప్రతిసారీ ఆవిడ చేతిలో సీసా చేతిలోనే ఉండిపోతుంది. ఎవరూ రుద్దలేదు, ఎవరూ ఉతకలేదు, మరి అంత రంగు ఎక్కడికి పోయినట్టు? కడగడమే బతుకైన మనిషికి అంతకన్నా వింత ఇంకేముంటుంది!

ఒకసారి ఉండబట్టలేక చిన్న మేడంని అడిగేసింది. చిన్న మేడం అంటే ఆ పరీక్షలు చేసే అమ్మాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు కళ్లద్దాల కోసం తల తడుముకుంటూ ఉంటుంది. గాజులమ్మను పిన్నీ అని పిలుస్తుంది.

"మన ఒంట్లోనూ ఇదే జరుగుతుంది పిన్నీ. పీల్చే గాలితో, తినే తిండితో లోపల కొన్ని ఆకలి రేణువులు పుడతాయి. ఊరుకోకుండా పక్కవాటి మీద పడి లాక్కుంటాయి. ఇనుముకి తుప్పు పట్టినట్టు మనిషికీ లోపల్లోపల తుప్పు పడుతుందన్నమాట. వంకాయ నీళ్లలో ఉన్నవీ అలాంటివే. ఆకురసం వాటి ఆకలి తీర్చేసిందనుకో, ఆ రంగు పోతుంది."

గాజులమ్మ ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. ఆయన సైకిళ్లు బాగుచేసి బాగుచేసి మోకాళ్లు పట్టేసి ఇంట్లో కూర్చున్న మనిషి. అంతా విని, "తుప్పే అయితే ఇంతమంది చదువుకున్నవాళ్లెందుకే? కాస్త కిరసనాయిలు రాసి తుడిస్తే పోదూ?" అన్నాడు.

"నీ మోకాళ్లకి రాయనా మరి?" అంది గాజులమ్మ. పడుకునేముందు మాత్రం మొగుడి మోకాళ్ల వంక కొత్తగా చూసింది. లోపల ఎంత గొడవ జరుగుతోందో, పైకి ఎంత మామూలుగా ఉన్నాయో అనిపించింది.

ఆ వానాకాలం చిన్న మేడం సొంతంగా ఒక మందు తయారుచేసింది. నాలుగైదు మూలికలు కలిపిన మిశ్రమం. విడివిడిగా ఒక్కోటి అంతంతమాత్రమే, కలిస్తే బలం పుంజుకుంటాయని ఆమె నమ్మకం. అందులో ఒక వేరు వట్టి జిగురు. గాజుకి పట్టిందంటే వదిలేది కాదు. ఉన్న బ్రష్షు పళ్లూడిన ముసలాడిలా తయారైంది, కొత్తది తెప్పించమంటే రేపు మాపు అంటున్నారు. గాజులమ్మకు ఒళ్లు మండింది. పక్కనే తడి పిప్పి కుప్పగా ఉంది. ఇంత పిప్పి పిడికిట్లోకి తీసుకుని, వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, రెండూ సీసాలో పోసి గలగలా ఆడించింది. ఒక్కసారి మంచినీళ్లతో తొలిచేసరికి సీసా తళతళలాడింది. మామూలుగా అయితే మళ్లీ మళ్లీ తొలిచి, చివర్న ఏ మలినమూ లేని ల్యాబ్ నీళ్లతో ఇంకోసారి తొలవాలని నియమం. ఇంత మెరుస్తున్నదాన్ని ఇంకా తొలవడమేమిటని వేడిపెట్టెలో ఆరబెట్టేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. అప్పట్నించి సీసాలన్నీ అలాగే కడుగుతూ వచ్చింది.

ఒక్క సీసా తప్ప. దాన్ని ఉత్త సీసా అంటారు. అందులో మందేదీ వెయ్యరు, వంకాయ నీళ్లు మాత్రమే పోస్తారు. అది రంగు మారకుండా సాక్షిగా నిలబడితేనే పక్క సీసాల్లో జరిగింది మందు వల్ల జరిగినట్టు లెక్క. దాని మెడకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటుంది. సోడా తగిలితే ఆ పట్టీ ఊడిపోతుందని గాజులమ్మ దాన్ని తొట్టిలో వెయ్యదు, స్పిరిటు గుడ్డతో తుడిచి పక్కన పెడుతుంది.

చిన్న మేడం మందు చెలరేగిపోయింది. వేసిన ప్రతి సీసాలోనూ వంకాయ నిమ్మకాయ అయింది, ఉత్త సీసా మాత్రం నల్లవంకాయలా అలాగే ఉంది. ఆ అమ్మాయి సంతోషం పట్టలేక గాజులమ్మ తడి చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. చుక్క వేసినా చెంచాడు వేసినా రంగు ఒకేలా పోతోందేమిటన్న అనుమానం ఆమెకు రాలేదు. సంతోషంలో ఉన్నవాళ్లకు అనుమానాలు ఎక్కడొస్తాయి! పెద్దాయన కూడా మీసం దువ్వుకున్నాడు. ల్యాబ్ ఆయనదే. మంచివాడే కానీ ముక్కుసూటి మనిషి, కోపమొస్తే ముందూ వెనకా చూసుకోడు. బయట ఇంకో ల్యాబ్‌లో ఒక మాట రూఢి చేయించుకుందామని ఆ మందు అక్కడికి పంపాడు.

అక్కడ ఆ మందుకి వంకాయ రంగు పెద్దగా కదల్లేదు. అంతంతమాత్రం, అంతే.

పెద్దాయన లోపలి గదిలో గొంతు పెంచకుండానే మాట్లాడాడు. అయినా తలుపు సంగతి తెలిసిందే, గాజులమ్మకు ప్రతి మాటా వినబడింది.

"చుక్క వేసినా చెంచాడు వేసినా ఒకటే అని రాశావు. అక్కడేమో చెంచాడు వేసినా లాభం లేదంటున్నారు. ఏమ్మాయ్, పరీక్షలు చేశావా, లెక్కలు వండావా?"

"నేను చూసిందే రాశాను సార్."

"అయితే రేపు నా కళ్లముందు చెయ్యి. తేలకపోతే నీ దారి నువ్వు చూసుకో. ఎందుకు పంపించావని ఎవరన్నా అడిగితే, ఉన్నదున్నట్టు చెబుతాను."

చెయ్యని పనికి దొంగ అనిపించుకున్న పిల్ల ఎలా ఉంటుందో గాజులమ్మ ఆరోజు చూసింది. చిన్న మేడం ఏడవలేదు. కళ్లద్దాలు చేతిలోనే పెట్టుకుని తల మీద వెతుక్కుంటూ కూర్చుంది. ఈ పనిలో మాట పోయిందంటే ఇక ఏ ల్యాబ్ గుమ్మమూ ఎక్కనివ్వరు. ఎన్నేళ్ల చదువు, ఎంత ఆశ! గాజులమ్మకు ఆ పిల్ల సంగతి తెలుసు. ఒకసారి చుక్క ఒకటి ఎక్కువ పడిందని, ఎవరూ చూడకపోయినా, అప్పటిదాకా చేసిందంతా పారబోసి మొదట్నించీ చేసిన మనిషి. అలాంటిది లెక్కలు వండుతుందా?

తనకు చేతనైన సాయం తను చేద్దామనుకుంది. మర్నాటి పరీక్షకు సీసాలన్నీ ఆ సాయంత్రమే పెట్టుక్కూర్చుని కడిగింది. ఒక్క మరక కూడా ఉండకూడదని పిప్పి మామూలుకన్నా ఎక్కువే వేసి మరీ ఆడించింది. ఆరబెట్టిన సీసాలు దీపాల్లా మెరుస్తుంటే, "పో తల్లీ, రేపు గెలిచి రా" అని వాటికి చెప్పి ఇంటికి వెళ్లింది.

మర్నాడు లోపలి గదిలో పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిన్న మేడం ఎర్ర పట్టీ సీసా అందుకోబోయింది.

"అది పక్కన పెట్టు" అన్నాడు పెద్దాయన. "ఉత్త సీసా ఈ వరసలోంచి నేనే తీస్తాను." అని చేతికందిన సీసా ఒకటి తీసి, వంకాయ నీళ్లు తనే పోసి, మందు వేసిన సీసాల పక్కన తనే పెట్టాడు. అలమరా తలుపు వేశారు.

తలుపు తీసేసరికి అన్నీ నిమ్మపండు రంగులో ఉన్నాయి. పెద్దాయన తీసిన సీసాతో సహా.

ఏమీ వెయ్యని సీసా! గాలి తప్ప ఏమీ లేని సీసా! వంకాయ నీళ్లున్న పెద్ద బుడ్డి వంక చూశారు, అది నిక్షేపంగా వంకాయ రంగులోనే ఉంది. పెద్దాయన సీసాను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం మెల్లగా కోపంలోకి దిగింది.

"ఇదా సంగతి! సీసాలకు లోపల ముందే ఏదో పూసిపెట్టావన్నమాట. ఎర్ర పట్టీది ఒక్కటీ వదిలేసి."

చిన్న మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనేం పూస్తాను సార్? ఏం పూస్తే ఇలా అవుతుందో కూడా నాకు తెలీదు."

తలుపు బయట గాజులమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఎర్ర పట్టీది ఒక్కటీ వదిలేసి. ఆ సీసాను వదిలేసిందెవరు? మిగతావన్నీ ఆడించిందెవరు? తొట్టి అంచు పట్టుకుంది. నోరు మూసుకుని ఊరుకుంటే తన జోలికి ఎవరూ రారు. సీసాలు కడిగే మనిషిని ఎవరు అనుమానిస్తారు? నోరు విప్పితే ఈ తొట్టి ఉండదు, ఈ తలుపు సందు ఉండదు, ఆ రంగు ఇక చూసేదుండదు. ఇవన్నీ అనుకుంటుండగానే కాళ్లు ఆవిడను అడక్కుండా లోపలికి తీసుకెళ్లిపోయాయి.

"సార్, పూసింది నేను."

ఎప్పుడూ గడప దాటని మనిషి గది మధ్యలో తడి చేతులతో నిలబడేసరికి ఇద్దరూ తిరిగి చూశారు. బ్రష్షు సంగతి, పిప్పి సంగతి, సోడా సంగతి, ఒక్కసారే తొలిచిన సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "గాజులమ్మా, ఈ అమ్మాయిని నువ్వు కన్నకూతురిలా చూసుకుంటావని నాకు తెలీదా? తప్పు నీ నెత్తినేసుకోకు. సారమంతా రసంలోకి పోయాక పిప్పిలో ఏముంటుంది? చెత్త."

"చెత్తో చెదారమో నాకు తెలీదు సార్. నా చేత్తో నేను కడిగా."

"సరే. అయితే కడిగి చూపించు."

కొత్త సీసాల పెట్టె తెచ్చి, ఎవరూ ముట్టనివి ఇచ్చాడు. పిప్పి, సోడా, వేడినీళ్లు అన్నీ తొట్టి దగ్గర పెట్టించాడు. నీళ్లెంత వేడి అని చిన్న మేడం అడిగితే "చెయ్యి చురుక్కుమనేంత" అంది గాజులమ్మ. పిప్పి ఎంత అంటే పిడికిలి చూపించింది. పెద్దాయన పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తుండగా కడిగింది. ఆరబెట్టారు, వంకాయ నీళ్లు పోశారు, అలమరాలో పెట్టారు, తీశారు.

వంకాయ రంగు వంకాయ రంగులాగే ఉంది.

"చూశావా" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా, జాలిగా. ఆ జాలి తిట్టుకన్నా ఘోరంగా ఉంది. చిన్న మేడం తన తెల్లకోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

గాజులమ్మకు మతిపోయింది. అదే పిప్పి, అదే సోడా, అవే చేతులు. ఏం మారింది? తన చేతుల వంక చూసుకుంది. అప్పుడు తట్టింది. పెద్దాయన ఎదురుగా నిలబడేసరికి భయానికి చేతులు వాటంతటవే నియమం ప్రకారం నడిచాయి. తొలిచి, మళ్లీ తొలిచి, ల్యాబ్ నీళ్లతో ఇంకోసారి తొలిచి మరీ ఆరబెట్టింది. యజమాని ముందు ఏ పనిమనిషైనా చేసేదే! పనిలో చేరినప్పట్నించీ అంత శుభ్రంగా ఏనాడూ కడిగి ఉండదు.

"సార్, ఇంకొక్కసారి. బాగా కడిగేశాను సార్, అందుకే!"

ఆ మాటకు ఇంకోచోటైతే అందరూ నవ్వేవాళ్లే. పెద్దాయన విసుగ్గా గడియారం వంక చూసి, చివరికి చెయ్యి ఊపాడు.

ఈసారి గాజులమ్మ తొట్టి ముందు నిలబడి కళ్లు మూసుకుంది. ఎప్పటిలాగే కడగాలి. ఎవరూ చూడనప్పటిలాగా. మొగుడి మోకాళ్ల గురించి పైకే మాట్లాడటం మొదలుపెట్టింది. నిన్న మెట్లెక్కలేకపోయాడని, అయినా పంతానికి సైకిలెక్కబోయాడని, పడితే ఎవరు మొయ్యాలని చెబుతూ చెబుతూ పిప్పి తీసింది, సోడా పోసింది, గలగలా ఆడించింది. ఒక్కసారి తొలిచింది. సీసా తళుక్కుమంది. చెయ్యి అలవాటుగా రెండోసారి కుళాయి వైపు పోయింది. బలవంతంగా వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల కడిగిన ముత్యంలా బయటపడాలంటే తను సరిగ్గా కడగకూడదు. బతుకంతా నేర్చుకున్న పనిని చేతులారా చెడగొట్టింది. ఆ ఒక్క సీసా కడగడం కొండెక్కినంత పనైంది.

వంకాయ నీళ్లు పోసి అలమరాలో పెట్టారు. ఈసారి గాజులమ్మ తొట్టి దగ్గరికి పోలేదు, లోపలి గదిలోనే నిలబడింది. ఎవరికి దండం పెట్టుకోవాలో తెలీక ఆ మూసిన అలమరాకే దండం పెట్టుకుంది. నా తప్పు తేలాలి, నా తప్పే తేలాలి అని. అలాంటి మొక్కు మొక్కినవాళ్లు లోకంలో ఎవరైనా ఉన్నారో లేదో. ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు. రంగు పోకపోతే ఏమవుతుందన్న భయం ముందు అది నిలబడలేదు.

పెద్దాయనే తలుపు తీశాడు.

సీసా అడుగున కాస్త వంకాయ రంగు ఇంకా తచ్చాడుతోంది. మిగతాదంతా పసుపు. వాళ్లు చూస్తుండగానే ఆ కాస్తా వెలిసింది, మబ్బు విడిపోయినంత నెమ్మదిగా. గాజులమ్మ దాన్ని అంత దగ్గరనుంచి చూడటం అదే మొదటిసారి. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

చిన్న మేడం పరుగున వెళ్లి తొట్టిలో మిగిలిన పిప్పి నీళ్లు చుక్క తెచ్చి, ఇంకో సీసాలో వంకాయ నీళ్లలో వదిలింది. అలమరా దాకా పోనవసరమే లేకపోయింది. చుక్క పడినచోటే రంగు విచ్చుకుపోయింది.

"మనం వండిన రసాలేవీ ఇంత తొందరగా పని చెయ్యలేదు సార్!" అంది కళ్లు ఇంతింత చేసుకుని. "ఏదో పీచుకి గట్టిగా పట్టుకుని ఉండిపోయింది. స్పిరిటుకి లొంగలేదు. వేడి సోడాకి వదిలింది. ఇన్నాళ్లూ పిండేశాం, అయిపోయింది అనుకున్నాం. అసలు బలం సగం పిప్పిలోనే ఉంది!"

పెద్దాయన తడి పిప్పి కొంచెం చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. జీవితమంతా మూలికల మధ్య గడిపిన మనిషి, ఆరోజే మొదటిసారి మూలికను చూసినట్టు దాని వంక చూస్తూ నిలబడ్డాడు.

"మరి నీ మందు?" అన్నాడు.

"దాంట్లో పెద్దగా బలం లేదు సార్. ఇన్నాళ్లూ రంగు తీసింది సీసాల్లో మిగిలిన ఈ పిప్పి నీళ్లే. బయటి ల్యాబ్ వాళ్లే కరెక్టు." ఆ మాట అనడానికి ఆ పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. సొంత బిడ్డలాంటి మందు ఓడిపోయిందని చెబుతూ, విప్పిన కోటు గుండీలు తిరిగి పెట్టుకుంటోంది.

"అమ్మాయ్, నిన్న నేనన్న మాట..." అన్నాడు పెద్దాయన. చేతిలో పిప్పి ఉండటంతో దండం పెట్టాలన్నా కుదరక, తల వంచాడు. చిన్న మేడం కూడా తల వంచింది.

అప్పుడాయన గాజులమ్మ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఎంతైనా యజమాని.

"గాజులమ్మా! సీసాలు సరిగ్గా తొలవక ఒక మందు పేరుమీద ఎంత అబద్ధం తయారైందో, ఒక పిల్ల బతుకు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసా? నువ్వు చేసిందెంత తప్పో తెలుసా నీకు?"

"తెలుసు సార్!" అంది గాజులమ్మ, నిమ్మపండు రంగుకి తిరిగిన సీసాను రెండు చేతులా పట్టుకుని. "మీరూ చూశారుగా!"

ఆవిడ మొహం వెలిగిపోతోంది.